కెన్యా మిషన్ ట్రిప్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్లకు ప్రేమ ఎలా చూపాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: గుంటూరు దగ్గర మీ సంఘం నుంచి తొమ్మిది మంది ఆగస్టులో పది రోజుల మిషన్ ట్రిప్‌కు కెన్యా వెళ్తున్నారు. పశ్చిమ కెన్యాలోని కిసుము నగరానికి గంటన్నర దూరంలో ఉన్న ఒక పల్లె సంఘం మిమ్మల్ని పిలిచింది. పాత బట్టలు, చాక్లెట్లు, కొన్ని మందులు మూటలు కట్టడం మొదలుపెట్టారు. "అక్కడ మాకెవరూ తెలియదు, ప్రభువు ప్రేమను ఎలా చూపించాలి? దారిలో ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వాలా వద్దా?" అన్నది మీ సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ మూటల్లో చాలావరకు ఇంటి దగ్గరే విప్పేయండి. మొదటి రెండు రోజులు ఎవరికీ ఏమీ ఇవ్వకండి. వాళ్లు పెట్టింది తినండి, వాళ్ల పలకరింపు నేర్చుకోండి, పేర్లు గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత ఇవ్వాల్సింది ఏదైనా ఉంటే ఆ ఊరి సంఘం చేతుల మీదుగా, మీ పేరు బయటికి రాకుండా ఇవ్వండి. డబ్బు అడిగిన వాళ్లకు మీలో ఎవరూ సొంతంగా ఇవ్వకూడదు, అలాగని ఎవరినీ విదిలించుకుని పోకూడదు. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో కింద రాశాను.

ఎందుకిలా అంటున్నానో వినండి. లూకా 10లో ప్రభువు డెబ్బది మందిని పంపినప్పుడు సంచి వద్దు, జాలె వద్దు, చెప్పులు వద్దు అన్నాడు. ఏ ఇంటివాళ్లు చేర్చుకుంటే ఆ ఇంట్లోనే ఉండి, ముందు పెట్టింది తినమన్నాడు. అంటే పంపబడిన వాళ్లు మొదట ఒకరి అన్నం మీద ఆధారపడ్డారు. స్వస్థత, సువార్త ఆ తర్వాతి మాట. మన మిషన్ ట్రిప్పులు చాలావరకు దీన్ని తిరగేసి నడుస్తాయి. దిగీ దిగగానే పంపకం, ఫోటో, ఫ్లెక్సీ. భోజనం మాత్రం వెంట తెచ్చుకున్న పులిహోర పేస్టుతో, గదిలో తలుపు వేసుకుని.

ఈ బాధ మన నేలకు కొత్తది కాదు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అప్పటికి మన దోర్నకల్‌లో సేవ చేస్తున్న వి.ఎస్. అజరయ్యగారు అక్కడ లేచి, దొరల ముఖం మీదే ఒక మాట అన్నారు. మీరు మీ ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అన్నది దాని సారం. మిషనరీలు బడులు కట్టారు, ఆసుపత్రులు కట్టారు. కానీ తమతో పనిచేసే భారతీయ సేవకుణ్ణి తమ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టుకోవడానికి చాలామంది వెనకాడారు. ఆయన రెండేళ్లకు, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆయన ఆ రోజు అడిగింది మన తరఫున. ఇప్పుడు టికెట్ కొనుక్కుని వెళ్తున్నది మనం, కాబట్టి ఆ మాట మనకే తగులుతుంది.

తగలడానికి ఇంకో కారణం కూడా ఉంది. పశ్చిమ కెన్యాలో మీరు కేవలం పరదేశులు కారు, 'ముహిందీ'. భారతీయుణ్ణి అక్కడ అలా అంటారు, బహువచనం 'వహిందీ'. 1901లో రైలు మార్గం కిసుము చేరింది. ఆ మార్గం వేయడానికి బ్రిటిష్ వాళ్లు ఇండియా నుంచి వేల మంది కూలీలను తీసుకెళ్లారు. ఆ వెనకే గుజరాతీ, పంజాబీ వ్యాపారులు వెళ్లి 'దుకా'లు పెట్టారు, అంటే మన దుకాణాలే. ఈనాటికీ కిసుము బజారులో వాళ్ల షాపులున్నాయి. 2017లో కెన్యా ప్రభుత్వం ఆసియా సంతతి వాళ్లను దేశంలోని 44వ తెగగా గుర్తించింది. అయినా పల్లె మనిషికి ముహిందీ అంటే మొదట గుర్తొచ్చేది గల్లాపెట్టె వెనక కూర్చున్న యజమాని. అలాంటి మనిషి తన గుడిసెలోకి వచ్చి, అదే పీట మీద కూర్చుని, అదే పళ్లెంలోంచి తుంచుకుని తింటే అక్కడ దానికి బరువు ఎక్కువ. మీరు మోసుకెళ్లే పాత చొక్కాలకు అంత బరువు లేదు.

స్వాహిలిలో 'మ్గేని' అనే మాట ఉంది. పరాయివాడు, అతిథి, రెండిటికీ అదే మాట. వాళ్ల సామెత ఒకటి బృందం మొత్తానికీ నేర్పించండి: "మ్గేని సికు మ్బిలి, సికు యా తాతు మ్పె జెంబె". అతిథి మర్యాద రెండు రోజులు, మూడో రోజు పార చేతికివ్వు అని అర్థం. మీ పది రోజుల పథకం మొత్తం ఈ సామెత చుట్టూ వేసుకోవచ్చు.

మొదటి రెండు రోజులు: పలకరింపు, భోజనం

మీరు వెళ్లే చోట ఎక్కువమంది లువో ప్రజలు. ఇంట్లో లువో భాష, బజారులో స్వాహిలి, బడిలో ఇంగ్లీషు. ప్రసంగం ఇంగ్లీషులో చెప్పి అనువాదం పెట్టుకోవచ్చు, పలకరింపు మాత్రం వాళ్ల భాషలోనే ఉండాలి. పది మాటలు చాలు. పొద్దున 'ఒయావోరె', సాయంత్రం 'ఒయిమోరె', కృతజ్ఞత చెప్పాలంటే 'ఎరోకమానో'. ఇవి లువో. స్వాహిలిలో 'హబారి' అంటే ఎలా ఉన్నారని, దానికి జవాబు 'న్జూరి'. 'అసాంతె సానా' అంటే చాలా కృతజ్ఞతలు. ఎవరికైనా దెబ్బ తగిలినా, బరువు మోస్తూ ఎదురైనా, ఇంట్లో చావు జరిగినా 'పోలె' అంటారు. తప్పు మీదని కాదు, మీ కష్టం నాకు తెలుస్తోందని. ఈ ఒక్క మాట సమయానికి అనగలిగితే చాలు. విశ్వాసుల మధ్య మనం 'ప్రైజ్ ది లార్డ్' అన్నట్టు వాళ్లు 'బ్వానా అసిఫివె' అంటారు, దానికి 'ఆమెన్' అని బదులివ్వాలి.

అక్కడ పలకరించకుండా నేరుగా పనిలోకి దిగడం మోటుతనం. నీళ్లు ఎక్కడున్నాయని అడగాలన్నా ముందు బాగోగులు అడగండి. పెద్దవాళ్లకు చేయి కలిపేటప్పుడు ఎడమ చేత్తో మీ కుడి ముంజేతిని పట్టుకోండి, అది గౌరవం. చేయి కలిపిన వెంటనే శానిటైజర్ బయటికి తీయకండి. మనవాళ్లు ఆలోచించకుండా చేసే పని ఇది, అవతలి మనిషికి మాత్రం అంటరానితనంలా తగులుతుంది. చేతులు కడుక్కోవడానికి భోజనం ముందు ఎలాగూ సమయముంటుంది.

భోజనం వేళకు ఆ ఇంటివాళ్లు చెంబుతో మీ చేతుల మీద నీళ్లు పోస్తారు, కింద బేసిన్ పడతారు. కూర్చున్న చోటు నుంచి లేవకండి, చేతులు చాపండి. ఆ తర్వాత ప్రార్థన. పెట్టేది చాలావరకు ఉగాలి, అంటే మొక్కజొన్న పిండితో గట్టిగా చేసిన ముద్ద. మన రాగిసంకటి తిన్న చేతికి కొత్తేమీ కాదు. కుడి చేత్తో తుంచి, గుండ్రంగా చేసి, బొటనవేలితో గుంట నొక్కి కూర అద్దుకోవాలి. పక్కన 'సుకుమా వికీ' అనే ఆకుకూర, చేప, లేకపోతే 'ఒమెనా' అనే ఎండు చిన్నచేపలు. అతిథి కోసం కోడిని కోస్తే అది ఆ ఇంటికి చిన్న ఖర్చు కాదు, కాబట్టి పళ్లెంలో వదిలేయకండి. చపాతీ, పాల టీ కూడా ఉంటాయి. ఆ రెండూ మన దేశం నుంచి వెళ్లినవే, మాట కలపడానికి పనికొస్తాయి.

కడుపు పాడవుతుందని భయం ఉంటుంది, అది న్యాయమే. పొగలు కక్కే ఉగాలి, అప్పుడే దించిన కూర, మరిగిన టీ నిర్భయంగా తీసుకోండి. పచ్చి నీళ్లు, కోసి ఉంచిన పచ్చి కూరగాయలు, కోసి ఉంచిన పండ్లు వద్దు. నీళ్లు ఇస్తే రెండు చేతులతో అందుకుని, పక్కన పెట్టి, టీ అడగండి. టీ అడగడం అక్కడ తప్పు కాదు, ఇంటావిడ సంతోషిస్తుంది. ఒక్కొక్కరు నాలుగు ఓఆర్‌ఎస్ పాకెట్లు దగ్గర పెట్టుకోండి. ఏదైనా పడదంటే వారం ముందే ఆ పాస్టరుగారికి ఫోన్లో చెప్పండి. వండి వడ్డించాక వద్దనడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

ఎవరింటికి పిలిచినా వట్టి చేతులతో వెళ్లకండి. ఇది దానం కాదు, అక్కడి వాళ్లు ఒకరింటికి ఒకరు వెళ్లేటప్పుడు చేసే పద్ధతే. రెండు కిలోల 'ఉంగా' (మొక్కజొన్న పిండి) పాకెట్, కిలో పంచదార, పావుకిలో టీపొడి, ఒక బ్రెడ్డు సరిపోతాయి. అక్కడి కొట్లోనే కొని, గుడ్డసంచిలో పెట్టి, గుమ్మంలోనే ఇంటావిడ చేతికి ఇవ్వండి. దాని గురించి ప్రసంగం వద్దు.

ఇంకో సంగతి చాలా బృందాలు మరచిపోతాయి. మీ తొమ్మిది మంది తిండి ఖర్చు ఆ పల్లె సంఘాన్ని అప్పుల్లోకి నెట్టకూడదు. వాళ్లు అడగరు. మనమైనా ఇంటికొచ్చిన దైవజనుల్ని భోజనం డబ్బులు అడుగుతామా? అందుకే నెల ముందే ఆ సంఘం కోశాధికారిని జాబితా రాసి పంపమనండి: బియ్యం, పిండి, కోళ్లు, బొగ్గు, తాగే నీళ్లు, వంట చేసే ఆడవాళ్ల కూలి, పరుపులు, జనరేటరు డీజిల్, అనువాదకుడి దారి ఖర్చులు. వంటవాళ్ల కూలి అన్న పద్దు జాబితాలో సాధారణంగా కనిపించదు, మీరే అడిగి చేర్చండి. పది రోజులు పొగలో నిలబడేది వాళ్లే. సగం డబ్బు ముందుగా సంఘం ఖాతాకు పంపండి, మిగతా సగం ఐదో రోజున ఇవ్వండి, రెండిటికీ రసీదు తీసుకోండి. మన వైపు ఒక జాగ్రత్త: మీ సంఘం రిజిస్టరైన ట్రస్టు అయితే, ట్రస్టు డబ్బు దేశం బయట ఖర్చు పెడితే ఆదాయపు పన్ను మినహాయింపు దగ్గర చిక్కు వస్తుంది. పంపే ముందు మీ ఆడిటర్‌ని అడగండి. వ్యక్తులు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపడం తేలిక దారి.

మూడో రోజు నుంచి: పార పట్టండి

ఆగస్టులో అక్కడ బడులకు సెలవులు, పెద్ద వానల మొక్కజొన్న కోతకొచ్చే రోజులు కూడా. వెళ్లేది మంచి సమయంలోనే. పొద్దున రెండు గంటలు కండెలు ఒలవండి, నీళ్లు మోయండి, ఉగాలి కలపడం నేర్చుకోండి, వృద్ధురాలి పెరట్లో కలుపు తీయండి. మీకు చేతకాకపోతే నవ్వుతారు, నవ్వనివ్వండి. మీరు నేర్చుకునేవాళ్లుగా, వాళ్లు నేర్పేవాళ్లుగా ఉండటంలోనే స్నేహం మొదలవుతుంది. సాయంత్రం కూటాలకు మీరు వేరే పిలవక్కర్లేదు. పక్కన కూర్చుని కండెలు ఒలిచిన వాళ్లే వస్తారు.

చర్చి గోడ కట్టిస్తాం, రంగు వేస్తాం అని కొందరు పూనుకుంటారు. అక్కడ 'ఫుంది' అంటే మేస్త్రీ. ఆ ఊళ్లో పని లేక కూర్చున్న ఫుందిలు ఉంటారు. మీరు వంకరగా కట్టిన గోడను మీరు వెళ్లిపోయాక వాళ్లు కూల్చి మళ్లీ కట్టాల్సి వస్తుంది. ఫుందికి కూలి ఇచ్చి పని పెట్టండి, మీరు ఇటుకలు అందించండి.

మధ్యలో ఊళ్లో చావు జరిగితే మీ కార్యక్రమం ఆగిపోతుంది. లువో వాళ్లకు అంత్యక్రియలు చాలా పెద్ద విషయం, ఊరంతా కదులుతుంది. టైమ్ టేబుల్ పోయిందని కంగారు పడకండి. అందరితోపాటు వెళ్లి కూర్చోండి, 'పోలె' అనండి, పాట వస్తే గొంతు కలపండి. కుటుంబానికి అందరూ చందా వేస్తారు, ఇలా కలిసి మోయడాన్ని 'హరాంబీ' అంటారు. ఆ మాట కెన్యా రాజముద్ర మీదే ఉంటుంది. మీ బృందం తరఫున పాస్టరుగారు చెప్పినంత వేయండి, ఊరి పెద్ద కంటే ఎక్కువ వేయవద్దు.

డబ్బు అడిగితే

అడుగుతారు. కూటం అయ్యాక పక్కకు పిలిచి కొడుకు ఫీజు గురించి చెబుతారు, బజారులో పిల్లలు చేయి చాపుతారు, రెండో రోజుకే వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. మీలో ఒకరు జాలిపడి వెయ్యి షిల్లింగులు (రూపాయికి సుమారు ఒకటిన్నర షిల్లింగు లెక్కన ఆరేడు వందల రూపాయలు) చేతిలో పెట్టారనుకోండి. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. మర్నాడు ఇరవై మంది వస్తారు. ఇవ్వలేక మొహం చాటేయడం మొదలుపెడతారు, వచ్చిన పనే ఆగిపోతుంది. దానికంటే బాధాకరం, మీరు వెళ్లాక ఆ డబ్బు దక్కిన ఇంటికీ దక్కని ఇంటికీ మధ్య మిగిలే మనస్పర్థ. దాన్ని సర్దుకోవాల్సింది ఆ పాస్టరుగారే.

కాబట్టి బయల్దేరే ముందే ఉమ్మడి సంచి ఒకటి పెట్టుకోండి. తలా 5,000 రూపాయలు వేసుకుంటే 45,000 అవుతుంది, అంటే 65 వేల షిల్లింగులకు కాస్త అటూ ఇటూ. ఒక్కరే కోశాధికారి. ఎవరు అడిగినా జవాబు ఒకటే: "మీరు చెప్పింది విన్నాను. నేనొక్కడినే ఇచ్చే పద్ధతి మాకు లేదు. పాస్టరుగారికి, సంఘ పెద్దలకు చెబుతాను. ఇప్పుడు మీ కోసం ప్రార్థన చేయవచ్చా?" ఆ తర్వాత పేరు అడిగి రాసుకోండి, సాయంత్రం నిజంగానే పెద్దలకు చెప్పండి. చెప్పకుండా తప్పించుకోవడానికి ఈ మాట వాడితే అది అబద్ధమే అవుతుంది. ఏది నిజమైన అవసరం, ఏ ఇంటికి ముందు, అన్నది ఆ పెద్దలకు తెలిసినంతగా మనకు ఈ జన్మలో తెలియదు. చివరి రోజు ఆ సంచి మొత్తం లెక్కతో వాళ్లకు అప్పగించండి. ఎవరికి ఇవ్వాలో మీరు వెళ్లాక వాళ్లే నిర్ణయించుకుంటారు.

దీనికి మినహాయింపు ప్రాణం మీదికి వచ్చినప్పుడు. జ్వరంతో ఫిట్స్ వస్తున్న బిడ్డ, కాన్పు కష్టమైన తల్లి, ప్రమాదం. అప్పుడు పెద్దల కోసం ఎదురుచూడకండి. బండి పెట్టి ఆసుపత్రికి పంపండి, తోడుగా ఊరి మనిషిని ఒకరిని పంపండి, బిల్లు నేరుగా ఆసుపత్రికే కట్టండి. అక్కడ ఫోన్‌తో డబ్బు పంపే ఎంపెసా 2007 నుంచి ఉంది, దాదాపు ప్రతి చోటా ఫోన్‌తోనే చెల్లించవచ్చు. పాస్‌పోర్టు చూపించి సిమ్ తీసుకుంటే మీ కోశాధికారి ఫోన్‌లో కూడా పనిచేస్తుంది.

ఆ మూటల సంగతి

పాత బట్టలు వద్దు. కెన్యాలో 'మితుంబా' అనే పాత బట్టల వ్యాపారం చాలా పెద్దది. కిసుములో కిబుయే బజారుకు ఒక ఆదివారం వెళ్తే గుట్టలు గుట్టలుగా కనిపిస్తాయి, చాలామంది ఆడవాళ్లు ఆ అమ్మకం మీదే ఇల్లు నడుపుతారు. మీరు ఉచితంగా పంచితే ఆ ఊరి అమ్మకందారుకు ఆ నెల బేరం పోతుంది. పైగా 23 కిలోల అదనపు సామాను రుసుముతో అక్కడే కొత్త యూనిఫాంలు కుట్టించవచ్చు, దర్జీకీ పని దొరుకుతుంది.

ప్లాస్టిక్ సంచులు అసలే వద్దు. 2017 ఆగస్టు 28 నుంచి కెన్యాలో వాటి మీద నిషేధం ఉంది, జరిమానా 40 లక్షల షిల్లింగుల దాకా, జైలు నాలుగేళ్ల దాకా పడవచ్చు. పిల్లల కోసం పాలిథిన్ కవర్లలో గిఫ్ట్ ప్యాక్‌లు కట్టి ఉంటే ఇప్పుడే కాగితం సంచుల్లోకి మార్చండి.

చాక్లెట్లు రోడ్డు మీద పంచడం మానేయండి. బండి కిటికీలోంచి విసిరితే పిల్లలు చక్రాల కిందికి పరుగెడతారు, చిన్నవాడి చేతిది పెద్దవాడు లాక్కుంటాడు, మరుసటి బండి వచ్చినప్పుడు చేయి చాపడం అలవాటవుతుంది. వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ బడి) చివరి రోజు పిల్లలందరికీ ఒకేలా, వాళ్ల సండే స్కూల్ టీచర్ల చేతుల మీదుగా ఇప్పించండి. బాల్, తాడు లాంటివైతే సంఘానికే ఇవ్వండి, అందరూ ఆడుకుంటారు.

మందులు మరీ జాగ్రత్త. మీ బృందంలో డాక్టరు ఉన్నా అక్కడ వైద్యం చేయాలంటే కెన్యా మెడికల్ ప్రాక్టీషనర్స్ అండ్ డెంటిస్ట్స్ కౌన్సిల్ నుంచి తాత్కాలిక లైసెన్సు కావాలి. నులిపురుగుల మాత్రలు పంచుదామని చాలామంది అనుకుంటారు. ప్రభుత్వం బడుల్లో వాటిని వేయిస్తూనే ఉంది. ఎవరికి ఎప్పుడు వేశారో తెలియకుండా మీరు మళ్లీ వేయడంలో అర్థం లేదు. బీపీ చూసి "ఎక్కువగా ఉంది" అని చెప్పి పది మాత్రలు ఇచ్చి వచ్చేస్తే, పదకొండో రోజు ఆ మనిషి పరిస్థితేమిటి? ఆ డబ్బుతో దగ్గరి క్లినిక్ నర్సును ఒక రోజు సంఘానికి పిలిపించండి. ఆమె అక్కడే ఉంటుంది, మళ్లీ చూస్తుంది.

పిల్లలు, ఫోటోలు

అనాథాశ్రమ సందర్శన మీ కార్యక్రమంలో ఉంటే నా మాట విని తీసేయండి. అలాంటి చోట్ల ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు, పేదరికం వల్ల వదిలి ఉంటారు. వారానికో బృందం వచ్చి ఎత్తుకుని, ముద్దు చేసి వెళ్లిపోతుంటే ఆ బిడ్డ మనసు ప్రతిసారీ కొత్తగా తెగుతుంది. సందర్శకుల కోసమే పిల్లల్ని పోగుచేసే చోట్లు కూడా ఉంటాయి. కెన్యా ప్రభుత్వం 2017లో కొత్త పిల్లల సంస్థల నమోదే నిలిపేసింది, పిల్లల్ని కుటుంబాల్లో పెంచే దిశగా నడుస్తోంది. మీకు నిజంగా భారం ఉంటే, మనవణ్ణి సాకుతున్న ఏ అవ్వకో సంఘం ద్వారా సాయం అందేలా చూడండి.

ఏ పిల్లవాడితోనూ మీలో ఎవరూ ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు, అందులో ఒకరు ఆ ఊరివాళ్లు. జుట్టు ముట్టుకుని చూడటం వద్దు. ఫోటోకు ముందు అడగండి, పిల్లలైతే తల్లిదండ్రులను అడగండి. 2019 నుంచి అక్కడ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా ఉంది. తింటున్న పిల్లవాడు, మంచం మీది రోగి, చిరిగిన బట్టలు, ఏడుపు, ఇవి తీయకండి. మీ అమ్మగారి ఫోటో ఏది ఊళ్లో గోడకు అంటించడానికి ఒప్పుకుంటారో అలాంటిదే తీయండి. ఫేస్‌బుక్ లైవ్ పూర్తిగా మానేయడం మేలు.

మాట కూడా చూసుకోవాలి. వాళ్ల ముందు మీలో మీరు తెలుగులో మాట్లాడుకుని నవ్వుకుంటే తమ గురించే అనుకుంటారు. రంగు గురించి మన ఇళ్లలో అలవాటుగా దొర్లే మాటలున్నాయి, 'నల్లోళ్లు' అని, ఇంకా హీనమైనవి కూడా. భాష తెలియదు కదా అని అక్కడ నోటికి రానివ్వకండి. ముఖం చూస్తే అర్థమవుతుంది. దీని మీద బయల్దేరే ముందే బృందంతో ఒక గంట కూర్చుని మాట్లాడండి. ఇబ్బందిగా ఉంటుంది, అయినా మాట్లాడండి.

ఇచ్చేదాన్ని కూటానికి ముడిపెట్టవద్దు

"కూటానికి వస్తే బియ్యం" అన్న వాసన కూడా రాకూడదు. దీనికి మన ఒంగోలు కంటే మంచి పాఠం లేదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఉచితంగా పంచడంతో సరిపెట్టకుండా బకింగ్‌హాం కాలువలో దాదాపు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి ఇప్పించారు. ఆ కాలంలో బాప్తిస్మం కోసం వచ్చిన వాళ్లను ఏడాదికి పైగా ఆపి ఉంచారు, గింజల కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని. కరువు సాయం ముగిశాకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నం పెట్టిన చోట ఆయన విశ్వాసాన్ని అడగలేదు.

మీరు వెళ్లేది సువార్త వినని చోటికి కాదు. కెన్యాలో పది మందిలో ఎనిమిది మందికి పైగా క్రైస్తవులే, మీరు వెళ్లే సంఘం మీ సంఘం కంటే పాతది కావచ్చు. పొరుగున ముస్లిం కుటుంబాలు కూడా ఉంటాయి, వాళ్లింట టీ తాగడానికి పిలిస్తే వెళ్లండి. అక్కడ ప్రసంగం మొదలుపెట్టకండి, పిల్లల గురించి, పంట గురించి మాట్లాడండి.

దారిలో తారసపడే వాళ్లు

దయ అంతా పల్లె కోసమే దాచిపెట్టి, దారిలో కనిపించిన వాళ్ల మీద విసుక్కునే బృందాలు చాలా ఉంటాయి. మీ వ్యాన్ డ్రైవరు పది రోజులూ మీతోనే ఉండే మనిషి. ఎక్కడ భోజనానికి ఆగినా అతన్ని మీ బల్ల దగ్గరికే పిలవండి. రాత్రి అతను ఎక్కడ పడుకుంటున్నాడో అడగండి, చాలాసార్లు బండిలోనే పడుకుంటారు. బోడా బోడా (బైకు టాక్సీ) కుర్రాడితో ఇరవై షిల్లింగుల కోసం గీచి గీచి బేరం ఆడకండి, ఊరివాళ్లు ఎంతిస్తారో ముందే తెలుసుకుని అంతే ఇవ్వండి. లాడ్జిలో గది ఊడ్చే ఆమె పేరు అడగండి.

మీ ఒంటి సంగతి

జబ్బు పడిన అతిథి ఆ ఇంటికి భారం, అందుకే ఇదీ ఇక్కడే చెబుతున్నాను. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఆ పసుపు కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. గర్భిణులు, గుడ్డు పడని వాళ్లు, అరవై దాటిన వాళ్లు ముందు డాక్టరును అడగాలి. 2024 జనవరి నుంచి కెన్యాకు వీసా బదులు ఈటీఏ (ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి), ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి.

కిసుము చుట్టుపక్కల, సరస్సు ఒడ్డున మలేరియా ఎక్కువ, అదీ ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం. డాక్టరు రాసిన నివారణ మాత్రలు తిరిగొచ్చాక కూడా ఆపకూడదు: డాక్సీసైక్లిన్ అయితే నాలుగు వారాలు, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ఏడు రోజులు. మనవాళ్లు ఇంటికి రాగానే ఆపేస్తారు, అక్కడే దెబ్బతింటారు. వచ్చిన మూడు నెలల్లో జ్వరం వస్తే మొదటి మాటగా "కెన్యా వెళ్లొచ్చాను" అని చెప్పండి. విక్టోరియా సరస్సులో కాళ్లు పెట్టవద్దు, నీళ్లలోంచి ఒంట్లోకి పురుగులు చేరే బిల్‌హార్జియా అనే జబ్బు ఉంటుంది.

తిరిగొచ్చాక

వీడ్కోలు రోజు గుండె నిండి నోటికి వాగ్దానాలు వస్తాయి. "మీ అబ్బాయిని మేం చదివిస్తాం", "వచ్చే ఏడాది మళ్లీ వస్తాం". చేయగలమని సంఘం తీర్మానించని మాట ఒక్కటి కూడా ఇవ్వకండి, ఆ ఇల్లు ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంది. ఫోన్ నంబర్లు తొమ్మిదీ పంచవద్దు, బృందానికి ఒకటే నంబరు ఇవ్వండి, నెలలో ఫలానా ఆదివారం ఫోన్ చేస్తామని చెప్పి, చేయండి. తీసిన ఫోటోల్లో మంచివి ప్రింటు వేయించి పాస్టరుగారికి పంపండి. చాలా ఇళ్లలో తాతగారి ఫోటో అదొక్కటే అవుతుంది.

మొదటి ఆదివారం మీ సంఘంలో సాక్ష్యం చెప్పమంటారు. అప్పుడు మీరు పంచినవాటి జాబితా చదవకండి. మీకు కోడి కోసి పెట్టిన ఇల్లు ఎవరిదో, కండెలు ఒలవడం నేర్పింది ఎవరో, మీ కోసం లువో భాషలో ప్రార్థన చేసిన పెద్దాయన ఎవరో పేర్లతో చెప్పండి. ఆ పేర్లు మీ సంఘం ప్రార్థన పుస్తకంలో రాయించండి.